అలిపిరి మెట్ల నుంచి నన్ శిఖరం దాకా: మా సాధన డైరీ

ఆషాఢం

నేనూ మా తమ్ముడూ కలిసి పెట్టుకున్న లక్ష్యం నన్. లడఖ్‌లో, కార్గిల్ నుంచి జన్‌స్కార్ పోయే దారిలో, సురు లోయ మీద నిలబడిన కొండ. ఎత్తు 7,135 మీటర్లు. పక్కనే దాని జంట కున్, 7,077 మీటర్లు. 1953లో ఫ్రెంచి జట్టుతో వచ్చిన క్లోడ్ కోగాన్, పియర్ విటోజ్ మొదటిసారి నన్ పైకి చేరారు. కోగాన్ మహిళ. శిఖరం చేరిన ఇద్దరిలో ఒకరు మహిళ కావడం, అదీ 1953లో! నాకు ఈ కొండ మీద మనసు పోవడానికి అదొక కారణం. ఆరేళ్ల తర్వాత హిమాలయాల్లోనే చో ఓయు అనే శిఖరం మీద మహిళల జట్టును నడిపిస్తూ ఆమె మంచుచరియల్లో చనిపోయారు. ఈ రెండు సంగతులనూ నేను విడదీసి చూడను.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లు నేరుగా నన్‌కు పోకూడదు. అందుకే మధ్యలో రెండు కొండలు పెట్టుకున్నాం. మొదట మనాలి దగ్గర ఫ్రెండ్‌షిప్ పీక్, 5,289 మీటర్లు. తర్వాత లడఖ్‌లోనే కాంగ్ యాట్సే 2, 6,250 మీటర్లు. వీలైన చోటల్లా స్కీల మీద, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకల మీద, ఎక్కి వాటి మీదే దిగాలన్నది ఇంకో షరతు. ఈ షరతు తమ్ముడిది. ఇప్పుడు నాది కూడా.

స్కీలెందుకని అడగని చుట్టం లేరు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పేది ఇదే. కొండెక్కేటప్పుడు మనిషి దృష్టంతా కొండ మీదే ఉంటుంది. దిగేటప్పటికి కాళ్లు అయిపోతాయి, నీళ్లు అయిపోతాయి, శ్రద్ధ తగ్గిపోతుంది. చాలా ప్రమాదాలు జరిగేది ఆ దిగుడులోనే. ఎత్తు వల్ల ఒంట్లో బాగాలేకపోతే మొదటి మందు కిందికి దిగడమే. నడిచి గంటలు పట్టే మంచు వాలు స్కీల మీద నిమిషాల్లో అయిపోతుంది. మెత్తటి మంచులో మోకాళ్ల దాకా దిగబడే బాధ కూడా తప్పుతుంది, ఎందుకంటే మన బరువు రెండు పొడవాటి పలకల మీద పరుచుకుంటుంది. ఇదంతా స్కీయింగ్ వచ్చినవాళ్లకే సుమా. రానివాళ్ల కాళ్లకు స్కీలు కట్టడమంటే ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. అందుకే ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం స్కీయింగ్ నేర్చుకోవడానికే కేటాయించాం.

పెద్ద కొండల మీద ఇది ఎంత దూరం పోయిందో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. 2000 అక్టోబరులో స్లొవేనియాకు చెందిన దావో కార్నిచార్ ఎవరెస్టు శిఖరం నుంచి బేస్ క్యాంపు దాకా స్కీల మీదే దిగాడు. 2018 జులైలో పోలండు వాడు ఆండ్జెయ్ బార్గియెల్ ప్రపంచంలో రెండో ఎత్తైన కొండ కే2 మీద నుంచి దిగాడు. అదే మనిషి 2025 సెప్టెంబరులో అదనపు ఆక్సిజన్ లేకుండా ఎవరెస్టు ఎక్కి, స్కీల మీద దిగొచ్చాడు. మేం ఆ స్థాయి గురించి కలలు కూడా కనడం లేదు. కానీ వాళ్లంతా చిన్న కొండల మీద ఏళ్ల తరబడి ఎక్కి దిగి, ఎక్కి దిగి అక్కడికి చేరినవాళ్లే. మాకు కావలసింది ఆ పద్ధతి.

శ్రావణం, భాద్రపదం: మెట్లు

తిరుపతిలో ఉన్నవాళ్ల అదృష్టం ఏమిటంటే, ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తే శేషాచలం కనబడుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మాకు పనికొచ్చేది శ్రీవారి మెట్టు. అలిపిరిలో గాలి గోపురం దాకా నిటారుగా పోయి, ఆ తర్వాత చాలా దూరం సమంగా ఉంటుంది, మళ్లీ మోకాళ్ల మెట్టు దగ్గర గానీ పరీక్ష పెట్టదు. శ్రీవారి మెట్టులో ఆ వెసులుబాటు లేదు. ఎక్కడం మొదలుపెడితే ఎక్కుతూనే ఉండాలి.

మెట్లు మాకు ముందు మొక్కు, తర్వాతే సాధన. చెప్పుల్లేకుండానే ఎక్కుతాం. అన్నమయ్య చిన్నతనంలో చెప్పులతో కొండెక్కబోయి మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మే వచ్చి చెప్పులు విడవమని చెప్పిందని మా నాయనమ్మ చెప్పేది. ఆ కథ విని పెరిగినవాళ్లం, బూట్లతో ఎక్కడానికి మనసొప్పదు. బూట్ల సాధన తలకోన అడవి దారుల్లో, చంద్రగిరి కోట వెనకున్న గుట్టల మీద చేసుకుంటాం. మెట్ల మీద వాచీ పెట్టుకుని పరుగులు తీయం, భక్తులకు అడ్డం రాం. బ్రహ్మోత్సవాలప్పుడు, రద్దీ రోజుల్లో అటు పోనే పోం. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారిని చంపిన తర్వాత మా ఇంట్లో ఒక నియమం పెట్టారు: వెలుతురు వచ్చాకే ఎక్కాలి, గుంపుతోనే పోవాలి. అది మేమూ మనస్ఫూర్తిగా పాటిస్తున్నాం.

ఎంత వేగంగా ఎక్కాలి అన్నది అసలు ప్రశ్న. ఎత్తైన కొండకు కావలసింది గంటల తరబడి, రోజుల తరబడి ఆగకుండా పనిచేసే ఒళ్లు. అది రొప్పుతూ చేసే సాధనతో రాదు. మాట్లాడగలిగేంత నెమ్మదిగా, చాలాసేపు చేసే సాధనతో వస్తుంది. అప్పుడే కండరాలు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటాయి, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ పట్టీ మా దగ్గర ఉంది. కానీ మెట్ల మీద దానికంటే నమ్మకమైన కొలత ఉంది. గోవింద నామాలు ఊపిరి తెగకుండా చెప్పగలుగుతున్నామంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. ‘శ్రీనివాసా గోవిందా’ దగ్గర ఊపిరి విరిగి రెండు ముక్కలైతే వేగం తగ్గించాలి. ఎదురుగా ఎవరైనా ‘గోవిందా’ అంటే బదులు పలకాల్సిందే కాబట్టి, ఈ పరీక్ష తప్పించుకోవడం కుదరదు!

కాళ్లు గట్టిపడ్డాక వీపు మీద బరువు పెట్టాం. గట్టిగా కుట్టించిన గుడ్డ సంచుల్లో బియ్యం నింపి బ్యాగులో సర్దుకున్నాం. విదేశాల్లో చాలామంది నీళ్ల డబ్బాలు మోసుకెళ్లి, పైన పారబోసి, ఖాళీ బ్యాగుతో దిగుతారు. మోకాళ్లకు మంచిదని. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలకు నిషేధం ఉంది కాబట్టి మాకు అది కుదరదు. కుదిరినా నేను పూర్తిగా అలా చేయను. స్కీ మీద దిగేటప్పుడు తొడల ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. ఆ పని మెట్లు దిగేటప్పుడే అలవాటవుతుంది. అందుకే కొంచెం బరువు మిగుల్చుకుని, నెమ్మదిగా, మడమ చప్పుడు కాకుండా దిగుతాం. కొండ మీద నుంచి బస్సులో దిగిపోవడం తేలిక. మా ప్రాజెక్టుకు ఆ దిగుడే సగం విలువ.

ఒకసారి కింద లగేజీ కౌంటరు దగ్గర ఒక పెద్దామె నా బ్యాగు చూసి ఆగింది.

‘ఏం పాపా, ఆ మూట ఇక్కడ ఇచ్చేస్తే ఉచితంగా పైకి తెచ్చిస్తారు కదా, యాల మోస్తావు?’

‘అలవాటు చేసుకుంటా ఉండానమ్మా. ఇంకా పెద్ద కొండకు పోవాల.’

‘ఇంతకంటే పెద్ద కొండ యాడుంది?’ అని ఆమె నడిచిపోయింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉండాలని కూడా అనిపించలేదు.

మా అమ్మ బాధ వేరు. ‘ఏమ్మే, అంత కష్టపడి కొండెక్కి సామిని చూడకుండానే దిగొస్తారా?’ అని. అందుకే శనివారాలు సాధన పెట్టుకోం. ఆ రోజు ఎక్కితే దర్శనం చేసుకునే దిగుతాం.

ఒక విషయం స్పష్టంగా రాసుకోవాలి. తిరుమల ఎత్తు 850 మీటర్లకు అటూ ఇటూ. ఈ ఎత్తులో గాలి పలచబడదు, కనీసం ఒంటికి తెలిసేంతగా పలచబడదు. లడఖ్‌లోని లే పట్టణంలో, 3,500 మీటర్ల దగ్గర, గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. 5,500 దగ్గర సగం. నన్ పైన సగానికి బాగా తక్కువ. మెట్లు ఎంత ఎక్కినా ఆ లోటు తీరదు. మెట్లు ఇచ్చేది బలం, ఓర్పు. పూర్ణ కథ కూడా ఇదే చెబుతుంది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. సాధన మొదలైంది భువనగిరి బండ మీద. కానీ అక్కడితో ఆగలేదు. డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. నేల మీద నేర్చుకునేది నేల మీద, ఎత్తులో నేర్చుకునేది ఎత్తులో.

దసరా తర్వాత: మంచు లేని ఊళ్లో స్కీ సాధన

ఊళ్లో పిల్లలకు స్కేటింగ్ నేర్పే రింక్ ఒకటి ఉంది. పిల్లలు వెళ్లిపోయాక మాకు కాసేపు వదిలారు. ఒకే వరుసలో చక్రాలుండే స్కేట్ల మీద మలుపు తిరగడం, స్కీ మీద మలుపు తిరగడం ఒకేలా ఉండవు గానీ ముఖ్యమైన పాఠం ఒకటే: మలుపు బయటివైపు ఉన్న కాలి మీదికి బరువు పోవాలి. భయం వేస్తే ఒళ్లు వెనక్కి, కొండవైపు వాలుతుంది. వాలితే పట్టు పోతుంది. మోకాలు ముందుకు, చేతులు ముందుకు, చూపు రెండు మలుపుల అవతలికి. ఇవి మూడూ సిమెంటు నేల మీదే ఒంటికి ఎక్కించుకున్నాం. ఇంట్లో గోడకు ఆనుకుని కుర్చీలా కూర్చోవడం, ఒంటికాలి మీద నెమ్మదిగా కూర్చుని లేవడం రోజూ ఉంటాయి. వీటి గురించి ఇంకేం రాయాలి, చేయడమే.

స్వర్ణముఖి ఇసుక మాత్రం బంగారం. వాన నీళ్లు ఇంకిపోయాక నదిలో దిగి, బరువుతో ఇసుకలో నడుస్తాం. అడుగు జారుతుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వేయాలి. తమ్ముడు ఆ ఇసుకకే ఇంకో పని కల్పించాడు. మంచుచరియల కింద పడినవాళ్లను వెతికే ట్రాన్స్‌సీవర్లు రెండు వాడినవి కొన్నాం. ఇవన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, ఏ కంపెనీదైనా ఇంకో కంపెనీది వింటుంది. ఒకరు ఇసుకలో ఒక సంచిలో పెట్టి పాతిపెడతారు, ఇంకొకరు దూరం నుంచి మొదలుపెట్టి బాణం గుర్తు చూపే దారిన పోయి, చివర మోకాళ్ల మీద వంగి, నేలకు ఆనించి సున్నితంగా అటూ ఇటూ జరుపుతూ దూరం చూపే అంకె అన్నిటికంటే తక్కువ ఎక్కడుందో పట్టుకోవాలి. తర్వాత ప్రోబ్ కర్రతో గుచ్చడం, ఆ తర్వాత పారతో తవ్వడం. తవ్వడమే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే సమయం తినేది కూడా అదే.

ఇసుకలో పశువులు కాసే తాత ఒకాయన మమ్మల్ని చాలాసేపు గమనించి, ‘ఏం పోగొట్టుకున్నారు నాయనా?’ అని అడిగాడు. తమ్ముడు అంతా విడమరిచి చెప్పాడు. మంచు కింద మనిషి ఎంతసేపు బతుకుతాడని ఆయన అడిగాడు. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, ఆ తర్వాత గబగబా పడిపోతుంది అని చెప్పాం. ‘అయితే మీరు ఇంకా తొందరగా తవ్వాల’ అన్నాడు. అన్నాక పక్కనే కూర్చుని చూశాడు, మేమూ తొందరగానే తవ్వాం.

దీన్ని ఇంత పట్టుదలగా చేయడానికి కారణం ఉంది. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపదీ కా దండా 2 మీద శిక్షణలో ఉన్న జట్టు మీదికి మంచుచరియలు విరిగిపడ్డాయి. శిక్షణకు వెళ్లిన పిల్లలు, నేర్పేవాళ్లు కలిపి ఇరవై మందికి పైగా చనిపోయారు. శిక్షణ కొండ కాబట్టి ప్రమాదం తక్కువ అని అనుకోవడానికి లేదు. కొండకు మనం శిక్షణలో ఉన్నామో, పెద్ద యాత్రలో ఉన్నామో తెలియదు. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మంచు ఎక్కువగా జారుతుంది, స్కీ చేయడానికి ఇష్టంగా ఉండే వాలు కూడా అదే. ఈ రెండో మాట తమ్ముడి నోట్‌బుక్ అట్ట మీద రాసి ఉంది.

సంక్రాంతి దాటాక: గుల్మార్గ్

స్కీయింగ్ నేర్చుకోవడానికి ఉత్తరాఖండ్‌లోని ఔలీకి పోవాలా, కాశ్మీరులోని గుల్మార్గ్‌కు పోవాలా అని కొంత తర్జనభర్జన జరిగింది. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగి ఇళ్లు పగిలిన తర్వాత అక్కడి నుంచి ఔలీ పోయే రోప్‌వే ఆగిపోయింది. గుల్మార్గ్‌లో గండోలా అనే రోప్‌వే రెండో దశలో అఫర్వాత్ కొండ మీద 3,900 మీటర్లు దాటి తీసుకుపోతుంది. స్కీ నేర్చుకుంటూనే ఎత్తు కూడా కొంచెం కొంచెంగా ఒంటికి తగులుతుంది. కాశ్మీరులో చిల్లై కలాన్ అని డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గట్టి చలి ఉంటుంది, మంచు బాగా పడేదీ అప్పుడే. దాని చివరి రోజులు చూసుకుని బయలుదేరాం.

మొదట్లో గండోలా ఊసే లేదు. 2,650 మీటర్ల దగ్గర, పిల్లలు జారే చిన్న వాలు మీద, ఆపడం నేర్చుకున్నాం. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, లోపలి అంచులు మంచులోకి. తర్వాత పడటం, పడ్డాక లేవడం. స్కీలు వాలుకు అడ్డంగా పెట్టుకుని, కొండవైపుకు ఒళ్లు తెచ్చుకుని లేవాలి. మాకు నేర్పిన కాశ్మీరీ గురువు ఒకే మాట పదే పదే అనేవాడు: పడితే సిగ్గుపడాల్సిందేమీ లేదు, లేవడానికి ఎక్కువ ఊపిరి ఖర్చు చేస్తే నష్టం. ఎత్తైన చోట ఆ మాట విలువ ఏమిటో మే నెలలో తెలిసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది స్కిన్నింగ్, అంటే స్కీల మీదే పైకి ఎక్కడం. స్కీ అడుగున అంటించే పట్టీలను స్కిన్స్ అంటారు. వాటి నూగు ఒకే దిశలో ఉంటుంది. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. మడమ వదులుగా ఉంటుంది కాబట్టి స్కీ ఎత్తకుండానే ముందుకు జరిపి నడవొచ్చు. పాదం ఎత్తితే అలుపు, జరిపితే హాయి. శ్రీవారి మెట్టు ఎక్కినప్పటి లయే ఇక్కడ కూడా వచ్చింది. నామాలు చెప్పుకుంటూ వరుసగా అడుగులేశాం. నిటారు చోట్ల వంకరలు తిరుగుతూ పోవాలి, వంక దగ్గర ఒక కాలు పూర్తిగా వెనక్కి తిప్పి పెట్టే కిక్ టర్న్ చేయాలి. అది తమ్ముడికి తొందరగా వచ్చింది, నాకు చివరి రోజుల్లో వచ్చింది. పైకి చేరాక స్కిన్స్ పీకి, మడిచి, జాకెట్ లోపల పెట్టుకోవాలి. బయట వదిలితే చలికి జిగురు బిగుసుకుని మళ్లీ అంటుకోదు.

2026 ఇటలీ శీతాకాల ఒలింపిక్స్‌తో ఈ విద్య ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చింది. స్కీలతో ఎక్కడం, దిగడం ఒకే పోటీ. మన దగ్గర దీని గురించి ఇంకా చాలా కొద్దిమందికే తెలుసు. మనాలి, ఉత్తరకాశీ, గుల్మార్గ్ సంస్థల్లో ప్రభుత్వ కోర్సులు ఉన్నాయి, ఫీజులు బయటి దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. చిత్తూరు, తిరుపతి పిల్లలు దరఖాస్తు చేయాలని నా కోరిక. ఎండల్లో పెరిగిన ఒళ్లు చలికి పనికిరాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. చలికి బట్టలు ఉన్నాయి. కాళ్లలో బలమే ఎవరూ అద్దెకివ్వరు.

వైశాఖం: ఫ్రెండ్‌షిప్

సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ, అక్కడి నుంచి బస్సులో మనాలి. స్కీలు, స్కీ బూట్లు మనాలిలోనే అద్దెకు తీసుకున్నాం. బూటు విషయంలో తొందరపడకూడదు. మడమ కదలకూడదు, వేళ్లు మాత్రం కదలాలి. దుకాణంలోనే చాలాసేపు వేసుకుని తిరిగాం.

దుంధి నుంచి నడక మొదలు. బకర్‌థాచ్ మైదానం దాకా చెట్లు, రాళ్లు, అక్కడక్కడా పాత మంచు. స్కీలు వీపు మీదే. ఆ పైన లేడీ లెగ్ అనే చోట గుడారం, 3,800 మీటర్ల దరిదాపుల్లో. ఎత్తుకు అలవాటు పడే నియమాన్ని ఒక్క అడుగు కూడా దాటలేదు: 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదనంగా ఒక రాత్రి అక్కడే ఆగాలి. పగలు ఇంకా పైకి పోయి, రాత్రికి కిందికొచ్చి పడుకున్నాం. మొదటి రాత్రి నాకు తలనొప్పి, తమ్ముడికి నిద్ర లేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చినట్టుంటే టెన్షన్ పడ్డాడు. ఎత్తులో అది మామూలే అని చదువుకుని ఉన్నాం కాబట్టి ఊరుకున్నాం. ‘అక్కా, నడుస్తా ఉంటే తూలుతా ఉండానా చూడు’ అని పొద్దున్నే గీత గీసి దాని మీద నడిచి చూపించాడు. తలనొప్పి ఉండి నడక తప్పితే మెదడుకు వాపు వస్తోందని అర్థం, అప్పుడు ఇంక ఆలోచన లేదు, వెంటనే దిగాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఊపిరి అందకపోతే ఊపిరితిత్తుల్లో నీరు. అప్పుడూ అంతే. ఎత్తు జబ్బుకు వాడే అసెటాజోలమైడ్ బిళ్లలు డాక్టరుగారిని అడిగి వెంట తెచ్చుకున్నాం. కానీ లక్షణాలు దాచుకోవడానికి మందు వాడకూడదన్నది మా ఒప్పందం.

తిండి దగ్గర ఒక మాట. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు పనికొచ్చింది మా అమ్మ కట్టిచ్చిన చెనక్కాయ ఉండలు, బెల్లం కలిపిన రాగి జావ పిండి. చెనక్కాయ ఉండ చలికి రాయి అవుతుంది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోవాలి. జావ మాత్రం ప్రతి పూటా గొంతు దిగింది. మా వెంట వచ్చిన గైడ్ కూడా అడిగి మరీ తాగాడు.

శిఖరం రోజున నడిరాత్రి దాటాక లేచాం. మే నెల మంచుకు ఒక గడియారం ఉంటుంది. రాత్రి గడ్డకట్టి గట్టిగా ఉంటుంది, ఎక్కడానికి మంచిది. ఎండ తగిలాక పైపొర వేలెడు లోతు మెత్తబడుతుంది, స్కీకి అంతకంటే మంచి మంచు లేదు. ఇంకా ఆలస్యమైతే లోపలిదాకా కరిగి, వాలు మొత్తం బరువెక్కి జారడం మొదలుపెడుతుంది. కాబట్టి దిగాల్సిన వేళను ముందు రాసుకుని, దాన్నిబట్టి లేవాల్సిన వేళ లెక్కగట్టాం.

కొంత దూరం స్కిన్స్‌తో, నిటారైన చోట స్కీలు వీపుకు కట్టుకుని, బూట్ల కింద బిగించే ముళ్ల క్రాంపాన్లతో. శిఖరానికి కింద భుజంలాంటి చోట గైడ్ ఆగి, పైనున్న వాలును ఐస్ యాక్స్‌తో, అంటే మంచు గొడ్డలితో, కొట్టి చూశాడు. గాజులాంటి గడ్డ. స్కీలు అక్కడే మంచులో గుచ్చి, తాడు కట్టుకుని పైకి పోయాం. పైనుంచి పీర్ పంజాల్ శిఖరాల వరుస కనబడింది. ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. ఎక్కువసేపు ఉండలేదు, గడియారం నడుస్తోంది.

దిగుడు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రాజెక్టు అంతా దీనికోసమే. భుజం దగ్గర స్కీలు కట్టుకునేసరికి తొడలు అప్పటికే వణుకుతున్నాయి. గుల్మార్గ్‌లో వరుసగా ఇరవై మలుపులు తిరిగిన నేను ఇక్కడ నాలుగైదు మలుపులకు ఆగిపోయాను. ఒక్కో మలుపు ఒక్కో పరుగంత ఊపిరి అడుగుతుంది. నాలుగు మలుపులు, వాలుకు అడ్డంగా ఆగడం, ఊపిరి కుదుటపడేదాకా లెక్కపెట్టడం, తమ్ముడికి చెయ్యి ఊపడం. అతను నా దాకా వచ్చాకే నేను మళ్లీ బయలుదేరాలి. ఒక్కసారి ఒక్కరే వాలు మీద ఉండాలి, ఇంకొకరు భద్రమైన చోట నిలబడి చూస్తూ ఉండాలి. ఒకచోట పైపొర పగిలి స్కీ లోపలికి దిగే మంచు ఉంది, అక్కడ మలుపుల జోలికి పోకుండా పక్కకు జారుతూ దిగాం. అందం లేదు, పని అయింది. ఆ కింద మెత్తబడిన మంచు తగిలింది. నాకు నోట మాట రాలేదు. తమ్ముడు గోవిందా అని అరిచాడు, లోయంతా వినబడింది. గుడారానికి చేరేసరికి ఇంకా పొద్దు నడినెత్తికి రాలేదు.

జ్యేష్ఠం: ఇంటికొచ్చాక

తిరుపతిలో ఎండ మండిపోతోంది. ఫ్రెండ్‌షిప్ మీద సంపాదించుకున్న ఎత్తు అలవాటు ఇప్పటికే కరిగిపోతోంది, అది సహజం. ఎత్తుకు పోయిన మొదటి రోజుల్లో ఒళ్లు రక్తంలోని నీటి భాగాన్ని తగ్గించి చిక్కబరుస్తుంది, ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి. కిందికొచ్చాక కొన్ని వారాల్లో అదంతా మామూలైపోతుంది. ఎండలో సాధన చేస్తే జరిగేది దీనికి వ్యతిరేకం: రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండెకు పని తేలికవుతుంది. మంచిదే, కానీ ఎత్తుకు బదులు కాదు. కాబట్టి ఫ్రెండ్‌షిప్‌లో తెచ్చుకున్న ఊపిరితో నన్ ఎక్కుతామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అక్కడి నుంచి నిజంగా వెంట వచ్చినవి వేరు. చేతి తొడుగులు తీయకుండా, బూటును స్కీకి బిగించే బైండింగ్ పెట్టుకోవడం, తలనొప్పి వస్తే దాచకుండా చెప్పుకోవడం, నాలుగు మలుపులకు ఆగడం, లేచే వేళ దిగే వేళను బట్టి పెట్టుకోవడం. చిన్న శిఖరాలను సాధన అనేది ఇందుకే.

సాధనలో మార్పు ఒక్కటే చేశాం. దిగుడు పెంచాం. ఎక్కి అలిసిపోయిన తర్వాత, అలిసిన కాళ్లతోనే, శ్రీవారి మెట్టు మీద బరువుతో నెమ్మదిగా దిగుతున్నాం. స్కేటింగ్ కూడా ఇప్పుడు మెట్ల తర్వాతే.

ఇక కాంగ్ యాట్సే 2. ఆగస్టులో పోదామని అనుకుంటున్నాం. తమ్ముడు స్కీలు తీసుకుపోదాం అంటున్నాడు. నా లెక్క వేరు. మార్ఖా లోయ గుండా రోజుల తరబడి నడవాలి, ఆ కాలానికి కొండ కింది భాగమంతా రాళ్లు తేలి ఉంటుంది, పైన మిగిలే మంచు కొద్దిగానే. ఆ కొండ దగ్గర మాకు కావలసింది 6,000 మీటర్ల పైన ఒళ్లు ఎలా నడుచుకుంటుందో చూసుకోవడం. స్కీలు, స్కీ బూట్లు తీసుకుపోతే సామాను మోసే గుర్రం ఇంకొకటి కావాలి. ఆ గుర్రం కూలి డబ్బుతో ఇద్దరం లేలో అదనంగా కొన్ని రోజులు ఉండి, నెమ్మదిగా ఎత్తుకు అలవాటు పడొచ్చు. నా ఓటు ఆ రోజులకే. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.